మా చెలక మీదికెల్లి పోయిన సడక్

మొన్న చుట్టాల పెండ్లికని పటాన్‌చెరు నుంచి శంకర్‌పల్లి దిక్కు కారుల పోతున్నం. వెలిమెల దాటినంక బండ్లన్నీ ఒకదాని ఎనక ఒకటి ఆగిపోయినయి. సడక్‌ను వెడల్పు చేస్తున్నరంట. ముందట ఎక్కడ్నో తారు కాగుతున్నది. మా కోడలు చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకొని అద్దాలన్నీ పైకి ఎక్కించింది. నేను నా దిక్కు అద్దం కిందికి దించిన.

"అత్తమ్మా, ఆ వాసనకు తల తిరుగుతది" అన్నది.

"నాకేం తిరగదు బిడ్డా, జెరసేపు ఉండనీ" అన్న.

ఆ వాసన ముక్కులకు పోయిందో లేదో, నాకు పదేండ్లు కూడ నిండని కాలం కండ్ల ముందర పడ్డది.

ఈ సడక్ పెద్దదేం గాదు. ముంబయి రోడ్డు కాడ మొదలువెట్టి, ఫ్యాక్టరీల గోడల పక్కపొంటి వచ్చి, వెలిమెల మీదికెల్లి రైలు పట్టాలు దాటి శంకర్‌పల్లిల కలుస్తది. ఇప్పుడు స్టేట్ హైవే అని నంబరు రాసిన బోర్డున్నది. కారుల కూసొని నాలుగు ముచ్చట్లు చెప్పుకునేలోపల అయిపోతది. మా చిన్నప్పుడు అదే దారికి పొద్దంత పట్టేది. అప్పుడది బండ్ల బాట. బండి చక్రాలు రెండు పోయినంత మేర రెండు గాడులు, నడుమ గరిక. ఎండకాలం దుమ్ము, వానకాలం నల్లరేగడి బురద. బురదల బండి దిగబడితే ఎడ్లకు నురగలు కారేవి. సంతకు పోయిన మా నాయిన ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటే బకెట్టెడు మట్టి దిగేది. "ఈ బాటకు మనమే సుంకం కడుతున్నం, కాళ్ళతోని" అనేటోడు.

గసోంటి బాట మీద సడక్ పడుతదని తెలిసి ఊరంత సంబురపడ్డది, మా నాయనమ్మ తప్ప.

ఎందుకంటె బాట ఉన్న తీరుగ వంకరటింకరగ పోదు సడక్. సక్కగ పోవాలె. సక్కగ పోవాలంటె మా చెలకల ఒక పట్టె పోవాలె. అది మా నాయనమ్మ చిన్నప్పుడే కాపురానికొచ్చి, మా తాతతోని కలిసి రాళ్ళేరి సాగుచేసిన చెలక. ఆ అంచుకు వేసిన జొన్న మనిషెత్తు పెరిగేది. సర్వేవాళ్ళు వచ్చి గొలుసులు పట్టి కొలిసి, కట్టె మేకులు పాతి పోయిన్రు. తెల్లారి చూస్తే ఒక్క మేకు లేదు. మా నాయనమ్మ అన్నిటిని పీకి, తానం నీళ్ళ కాగు కింద పొయ్యిల పెట్టింది.

"అవ్వా, సర్కారు మేకులే అవి" అన్నడు నాయిన, తల పట్టుకొని.

"మంచిగ మండినయి కొడుకా. సర్కారు కట్టె మంచి కట్టె" అన్నది.

మల్ల వచ్చినప్పుడు సర్వేవాళ్ళు రాళ్ళు పాతిన్రు.

ఆ ఎండకాలంల పాలమూరోళ్ళు దిగిన్రు. ఆ కాలంల ఎక్కడ సడక్ పడ్డా, ఎక్కడ కాలువ తవ్వినా ఆ పనికి వాళ్ళే వచ్చేటోళ్ళు. వాగు గట్టుకు, మా చెలకకు దగ్గర్నే గోనెపట్టాలు, తాటాకులు కప్పి గుడిసెలేసుకున్నరు. వాళ్ళకొక మేస్త్రీ ఉండె. బక్కపల్చటి మనిషి, తలకు ఎర్ర తువ్వాల, నోట్ల నుంచి మాట రావాలంటె కష్టం. పొద్దుపొడుపుతోని మొగోళ్ళు కంకర కొట్టేటోళ్ళు, ఆడోళ్ళు తట్టలల్ల మోసేటోళ్ళు. తల మీద రెండు తట్టల రాయి పెట్టుకొని, చేతులతోని పట్టుకోకుండనే నడిచేటోళ్ళు. మెడ కదలకపోయేది. మేం పిల్లలం గట్ల నడవాలని తల మీద చెంబు పెట్టుకొని ఎన్నిసార్లు పడగొట్టినమో.

మొదటి పొద్దే ఆ ఆడోళ్ళు బిందెలు పట్టుకొని మా మోటబాయి కాడికొచ్చిన్రు. నాయనమ్మ గట్టు మీద కాళ్ళు చాపుకొని కూసున్నది.

"మా భూమి మింగేటోళ్ళకు మా నీళ్ళు గూడ కావాల్నా? ఏ ఊరో, ఏ కులమో. పోర్రి, వాగుల చెలిమె తోడుకోర్రి" అన్నది.

వాళ్ళు మల్లిపోయి ఇసుకల చెలిమె తోడి, చిప్పతోని ఊటనీళ్ళు ముంచి ముంచి బిందె నింపుకున్నరు. ఒక్క బిందె నిండేసరికి నేను పలకంత రాసి తుడిసేదాన్ని. అప్పుడు నాకది తప్పని తెల్వదు. మా ఇంట్ల ఎప్పుడూ గట్లనే అనేటోళ్ళు కాబట్టి, లోకమంత గంతే అనుకున్న.

గుడిసెల పక్కకు తారు డ్రమ్ములు వరుసగ నిలబెట్టి ఉంటుండె. ఎండకు కరిగి అంచుల పొంటి కారేది. మేం దొంగతనంగ గిల్లుకొచ్చి గోలీలు చేసుకునేది. ఇంట్ల కారే కుండలకు పెట్టేది. ఒకనాడు మధ్యాహ్నం నేనూ నా దోస్తులు ఇద్దరు తారు గిల్లుతుంటే ఎవరో వస్తున్నట్టు అనిపించి డ్రమ్ము ఎనక దాక్కొని దానికి ఆనుకున్న. దోస్తులు ఉరికిన్రు. నేను లేసి ఉరుకుదామంటె జడ రాలే. డ్రమ్ముకు అతుక్కున్నది. గుంజితే పానం పోయినట్టయింది. ఇగ ఏడుపు.

గుడిసెలకెల్లి ఒకామె వచ్చింది. మా అమ్మ ఈడుదే ఉంటది. నన్ను చూసి నవ్వుకుంట నవ్వుకుంట అక్కడ్నే కూలబడ్డది. నవ్వయిపోయినంక కందీలు దీపంల పోసే గ్యాసునూనె తెచ్చి, గుడ్డ ముంచి, ఒక్కొక్క పాయ తారుల నుంచి ఇడిపించింది. ఎంత మెల్లగ అంటె, ఒక్క ఎంటిక తెగలే. మల్ల నెత్తికి పల్లినూనె పెట్టి, ఒళ్ళో కూసోబెట్టుకొని జడేసింది.

"ఆకలైతుందా?" అన్నది.

ఏడిసి ఏడిసి నిజంగనే ఆకలైతుండె. సత్తు గిన్నెల జొన్న గట్క, దాని మీద చింతకాయ తొక్కు ఇంత పెట్టింది. మా ఇంట్ల నెయ్యితోని తిన్నా నాకంత రుచి రాలే. ఆ నాటినుంచి ఆమెను చిన్నమ్మా అని పిలిచిన.

ఇంటికి పోయినంక నాయనమ్మ ముక్కు ఎగబీల్సింది. "ఏందే ఈ వాసన?"

"కందీలు ఒలికింది" అన్న.

మా అమ్మ నా జడ దిక్కు చూసింది. ఆ అల్లిక మా ఇంటిది గాదని ఆమెకు ఎరుకైంది. అప్పుడు మా అమ్మకు నెలలు. నాయనమ్మ పక్కకు పోయినంక నన్ను దగ్గరకు పిలిచి అడిగింది. అంత చెప్పిన.  తెల్లారి నుంచి మధ్యాహ్నం నాయనమ్మ కునుకు తీసే యాళకు రెండు చిన్న బిందెలు నిండి అర్రమూలకు ఉంటుండె. నేను ఒకటెనక ఒకటి మోసుకపోయి చిన్నమ్మ గుడిసె కాడ పెట్టి వచ్చేదాన్ని. నేను జేసిన దొంగతనాలల్ల అమ్మ చేయించినవి అవే.

వానలు మొదలైనయి. పటాన్‌చెరు దిక్కునుంచి వాగు అవతలి ఒడ్డు దాకా తారు పడ్డది. వాగు మీద కల్వర్టు కడుతున్నరు. రెండు పక్కల రాతి గోడలు లేపి, పైన స్లాబు పోసిన్రు. కింద సెంట్రింగు కట్టెలు నిలబెట్టి ఉన్నయి. స్లాబు మీద గోనెసంచులు పరిచి పొద్దుమాపు నీళ్ళు పోసేటోళ్ళు. బండ్లు పోవుటానికి పక్కకెల్లి వాగులనే మట్టిబాట తీసిన్రు.

ఒకనాడు పొద్దుగాల అమ్మకు నొప్పులు మొదలైనయి. రాత్రంత వాన పడి అప్పుడే ఎలిసింది. ఊరి మంత్రసాని లోపల ఉన్నది. నన్ను బయట కూసోబెట్టిన్రు. ఎంతసేపటికో మంత్రసాని చేతులు తుడుచుకుంట వచ్చి మా నాయినతోని అన్నది, "బిడ్డ అడ్డం ఉన్నది పటేలా. ఇది నా చేతుల లేదు. సంగారెడ్డి దవాఖానకు తీస్కపోర్రి. జల్దీ."

నాయిన బండి కట్టిండు. నులక మంచం మీద అమ్మను పండబెట్టి మంచాన్నే బండి మీదికెత్తిన్రు. నాయనమ్మ ఎక్కింది. నన్ను ఇంటికాడ ఉండుమన్నరు. కాని అమ్మ నా చెయ్యి పట్టుకొని ఇడవలే. నేనూ ఎక్కిన.

వాగు కాడికొచ్చేసరికి మట్టిబాట లేదు. రాత్రి వానకు కొట్టుకపోయింది. ఎర్ర నీళ్ళు సుడులు తిరుగుకుంట పోతున్నయి. అవతలి ఒడ్డుకు కంకర లారీ ఒకటి ఆగి ఉన్నది. నాయిన పగ్గాలు పట్టుకొని గట్లనే నిలబడ్డడు. మా నాయిన మొఖం గట్ల ఎన్నడూ చూడలే. అమ్మ మూలుగు ఆగి ఆగి వస్తున్నది.

గుడిసెలకెల్లి పాలమూరు గుంపోళ్ళందరు వచ్చిన్రు. చిన్నమ్మ బండెక్కి అమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టి చూసింది. కిందికి దిగి మేస్త్రీతోని ఒక్కటే మాటన్నది. "నాకైనట్టే అయితున్నది అన్నా. మా ఊర్ల అప్పుడు సడక్ లేకుండె, బిడ్డ దక్కలే."

మేస్త్రీ స్లాబు దిక్కు చూసిండు.

"పోసి ఐదొద్దులే అయింది పటేలా. ఇరవై ఒక్కరోజు దాకా దాని మీద బరువు పెట్టొద్దన్నడు ఓవర్సీరు. కింద కట్టెలను నీళ్ళు గుంజుతున్నయి. పగిలిందంటె మీ ఇంటామె, మావోళ్ళు అందరు వాగులనే."

నాయిన దండం పెట్టిండు. 

మేస్త్రీ తువ్వాల నడుముకు కట్టుకొని వాగుల దిగిండు. నడుము దాకా నీళ్ళు. స్లాబు కిందికి పోయి ఒక్కొక్క కట్టెను సుత్తెతోని కొట్టి చెవి పెట్టి విన్నడు. రెండు కట్టెలకు చెక్కలు బిగించిండు.  లోపలికెల్లి కేకేసిండు.

"నలుగురే. ఆడోళ్ళు పట్టుకోర్రి. తట్టలు మోసేటోళ్ళ నడక కుదురుగుంటది. కాలెత్తి ఎయ్యొద్దు, జరుపుకుంట పోవాలె."

"నేను పట్టుకుంట" అని నాయిన ముందట్కి వచ్చిండు.

"నువ్వు వద్దు పటేలా. నువ్వు ఆత్రం మీదున్నవు. వాళ్ళు దాటినంక నువ్వొక్కనివే రా."

చిన్నమ్మ, ఇంక ముగ్గురు ఆడోళ్ళు మంచం నాలుగు కోళ్ళు భుజాల మీదికెత్తుకున్నరు. అమ్మ నా చెయ్యి ఇడిసింది. తడి గోనెసంచుల మీద వాళ్ళ ఉట్టి పాదాలు జరుగుతున్నయి. సర్, సర్ అని చప్పుడు. కింద నీళ్ళ మోత. మేస్త్రీ బయటికి రాలే. స్లాబు కిందనే నిలబడి, రెండు చేతులతోని నడిమి కట్టెను పట్టుకొని చెవి ఒగ్గిండు. ఎక్కడన్న కిర్రుమంటె చెప్పాలని. అది పడితే మొట్టమొదలు ఆయన మీదనే పడుతది. మా నాయనమ్మ నా భుజం మీద చెయ్యేసి ఎంత గట్టిగ పట్టుకున్నదంటె, గోర్లు దిగినయి. ఆమె నోట్ల ఒక్క దేవుని పేరు గూడ రాలే.

మంచం అవతలి ఒడ్డుకు చేరింది.

ఎనక నాయిన దాటిండు. చిన్నమ్మ తిరిగొచ్చి నన్ను చంకనేసుకొని దాటించింది.

లారీ డ్రైవరు ఉర్దూ మాట్లాడేటోడు, తెల్లగడ్డం పెద్దమనిషి. క్లీనరు కంకర మొత్తం దించబోతే ఆపిండు. "సగం ఉండనీ. ఖాళీ బండి ఎగురుతది, అమ్మకు తక్లీఫ్ అయితది" అన్నడు. మిగిలిన కంకర సాపు చేసి, మీద గోనెసంచులు మందంగ పరిచి, దాని మీద మంచం పెట్టిన్రు. చిన్నమ్మ గూడ ఎక్కింది. అమ్మ తల ఒళ్ళో పెట్టుకున్నది. కొత్త తారు సడక్ మీద ఆ లారీ ఎంత మెత్తగ పోయిందో! బండ్ల బాట మీద అయితే ఆ దూరం అమ్మ తట్టుకోకపోతుండె. పటాన్‌చెరు వచ్చింది, పెద్ద రోడ్డెక్కినం, డ్రైవరు హారను కొట్టుకుంటనే సంగారెడ్డి దాకా తోలిండు.

దవాఖానల అమ్మను లోపలికి తీస్కపోయిన్రు. తలుపు మూసిన్రు. నాయిన గోడకు ఆనుకొని నిలబడ్డడు. చిన్నమ్మ నన్ను పక్కకు కూసోబెట్టుకొని, చేయి పట్టుకొని, కాయలు కాసిన తన అరచేతిల నా వేళ్ళను లెక్కపెట్టుకుంట కూసున్నది. మధ్యాహ్నం దాటినంక డాక్టరమ్మ బయటికొచ్చింది.

"ఆపరేషన్ చేసినం. ఆడపిల్ల. తల్లి మంచిగున్నది" అన్నది. మల్ల మా నాయిన దిక్కు చూసి, "ఇంకొక గంట ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేను" అన్నది.

మా నాయిన అక్కడ్నే బండల మీద కూసొని చిన్నపిల్లగాని లెక్క ఏడిసిండు. చిన్నమ్మ మాత్రం నవ్వింది. డ్రమ్ము కాడ నన్ను చూసి నవ్విన నవ్వే. నవ్వుకుంటనే కండ్లు తుడుచుకున్నది.

ఇవతల ఏమైందో నాకు తర్వాత గుడిసెల పిల్లలు చెప్పిన్రు. మేం పోయినంక నాయనమ్మ చానసేపు వాగు దిక్కు చూసుకుంట నిలబడ్డదంట. తర్వాత తనే బండెక్కి, పగ్గాలు పట్టి, ఎడ్లను ఇంటికి తోలిందంట. పొద్దుగూకక ముందే మల్ల వచ్చింది. బండి నిండ మా బాయి నీళ్ళ కాగులు. దించుకోర్రి అని గూడ అనలేదంట. తనే ఒక్కొక్క కాగు దించి గుడిసెల ముందర పెట్టి, లారీ వాపసు వచ్చి కబురు చెప్పేదాక అక్కడ్నే, మేస్త్రీ గుడిసె ముందర కూసున్నదంట.

మూడొద్దులకు నేనూ నాయినా దవాఖానకెల్లి ఇంటికొచ్చినం, ఆ పొద్దే జీపుల ఓవర్సీరు వచ్చిండు. మేస్త్రీ దాచలే. జరిగింది జరిగినట్టు తనే చెప్పిండు. పని పోతదని గుంపోళ్ళందరికి భయం. ఓవర్సీరు కోపంతోని ఎర్రగయిండు. స్లాబు పగిలితే పడగొట్టి మల్ల కట్టాలె, నీ మీద పైకి రాస్త అని అరిసిండు. నాయిన పోయి మేస్త్రీ పక్కన నిలబడ్డడు. నాయనమ్మ గూడ కట్టె పట్టుకొని పోయింది.

"పగిలితే పడగొట్టు సారూ. మల్ల కట్టనీకె ఎన్ని రాళ్ళు కావాల్నో మా చెలకలకెల్లి తీస్కపో. ఈ మేస్త్రీని మాత్రం ఏమన్కు" అన్నది.

ఓవర్సీరు పైన సుత్తెతోని కొట్టుకుంట ఈ కొసకెల్లి ఆ కొసకు పోయిండు. కిందికి దిగి టార్చి పట్టి చూసిండు. మేం పిల్లలం గట్టు మీద బోర్లపడి ఆయన మొఖం దిక్కు చూస్తున్నం. చానసేపటికి బయటికొచ్చి చేతులు దులుపుకున్నడు.

"ఒక్క గీత గూడ లేదు" అన్నడు. కొంచెం దూరం పోయి, ఎనక్కి తిరిగి, "బిడ్డ ఎట్లున్నది?" అని అడిగిండు.

గంతే, గుడిసెల పిల్లలు ఎగిరి ఒక్క కేక పెట్టిన్రు. మేస్త్రీ తలకున్న తువ్వాల తీసి మొఖం తుడుచుకున్నడు.  

ఇరవై ఒకటో రోజు మా ఇంట్ల తొట్టెల పండుగ. నాయనమ్మ గుడిసె గుడిసెకు పోయి పిలిసింది. వాకిట్ల వరుసగ కూసోబెట్టి, బూరెలు, పప్పు, పచ్చిపులుసు తన చేతులతోనే వడ్డించింది. కులపోళ్ళు కొందరు ముఖాలు పక్కకు తిప్పుకున్నరు. నాయనమ్మ చూసీ చూడనట్టున్నది. వాళ్ళు పోయినంక మాత్రం నాయినతోని, "మాట్లాడేటోళ్ళు మంచం మోస్తరారా?" అన్నది. చిన్నమ్మను తొట్టెల ఊపుమని ముందటికి పిలిసింది. చిన్నమ్మ ఊపింది. అప్పుడు మాత్రం నవ్వలే.

దసరా దాటినంక సడక్ మా ఊరు దాటి ముందటికి పోయింది. గుడిసెలు గూడ దాని ఎంబడి పోయినయి. కొన్నాళ్ళు రోడ్డు ఇంజను చప్పుడు దూరంకెల్లి వినవస్తుండె. మల్ల అది గూడ లేదు. పని అయిపోయింది, వాళ్ళు ఇంకో దిక్కు పోయిన్రు. ఎక్కడికో ఎవలకు తెల్వదు. నేను కొన్ని రోజులు అన్నం సక్కగ తినలే.

ఆ సడక్ మీద మొదలు ఎర్రబస్సు వచ్చింది. తర్వాత ఫ్యాక్టరీ బస్సులు, లారీలు. చెలకలు పోయి ప్లాట్లైనయి. మా ఊర్ల ఎడ్లు తోలినోళ్ళ పిల్లలు షిఫ్టులకు పోవుడు నేర్సిన్రు. మా చెల్లెను ఊరంత సడక్ బిడ్డ అనే పిలిసేటోళ్ళు. చదువుకున్నది, ఇప్పుడు సుల్తాన్‌పూర్ దిక్కు ఒక ఫ్యాక్టరీల సూపర్‌వైజరు. బడిల వేసిన పేరు ఆఫీసుల తప్ప ఎవలకు యాదికి లేదు.

అమ్మ మొన్నమొన్నటి దాకా ఉన్నది. పండు ముసలిదై పోయింది. ఆ నొప్పుల సంగతి ఎన్నడూ చెప్పలే. ఒకసారి నేనే అడిగిన, "అమ్మా, స్లాబు మీద మంచం పోతుంటే నీకు భయం కాలేదా?" అని.



"పండుకొని చూస్తే మబ్బులే కనవడ్డయి బిడ్డా. మంచం ఇంత గూడ ఊగలే. కిందికెల్లి ఆ మేస్త్రీ 'మెల్లగ, తల్లీ, మెల్లగ' అంటున్నడు. మోసేటోళ్ళతోని అంటున్నడో, నాతోని అంటున్నడో తెల్వదు. నేను మాత్రం అప్పుడే అనుకున్న, ఇగ బతుకుత అని."